ఒక్క సెమిస్టర్ కోసం వైజాగ్ వచ్చినా, సగం అయిపోయింది, ఊరు ఇంకా పట్టుబడల్యా. ఇక్కడ చదువుకున్నోళ్ళు మీరెట్ల గడిపినారు?

కదిరి_మల్లి:

అందరికీ నమస్తే అప్పా. నాది కదిరి, బీకాం కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్. మాకు ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ ఉంటాది కదా, బెంగళూరులో చేస్తానంటే ఇంట్లో ఒప్పుకోలే, మా చిన్నాయనకి తెలిసిన ఆడిటర్ ఒకాయన వైజాగ్‌లో ఉండాడని ఇక్కడ పెట్టించినారు. బెంగళూరు మాకు పొద్దున పోయి రాత్రికి వచ్చే ఊరు, వైజాగ్ అంటే ధర్మవరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా కూచోవాల, ఇదేం లెక్కో మా ఇంట్లోవాళ్ళకే తెలియాల. జులైలో దిగినా.

ఆఫీసు ద్వారకానగర్‌లో, హాస్టల్ నడిచిపోయే దూరం. పని బాగుండాది. ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్న్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ టిక్కులు పెట్టేది. రిటర్న్‌లు వేసేదానికి ఆఖరు రోజులు 11వ తారీకు, 20వ తారీకు దగ్గరికొచ్చినాయంటే రాత్రి దాకా వదలరు, అది వేరే సంగతి. కాలేజీలో పుస్తకంలో చదివి బట్టీ కొట్టిన ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను మనం కట్టేదాంట్లో తగ్గించుకునేది) ఏందో ఇక్కడ సిమెంటు షాపు బిల్లులు చూస్తే అర్థమయింది.

సమస్య మిగతా టైంతో. మా దగ్గర ఎండ ఎంత కొట్టినా చెట్టు నీడలోకి పోతే సుకంగా ఉంటాది, ఇక్కడ ఫోను 32 చూపిస్తాది గానీ ఫ్యాన్ కింద కూచున్నా చెమట కారుతానే ఉంటాది, ఉతికిన చుడీదార్ రెండో రోజుకి గూడా ఆరకుండా ఒకరకం వాసన, బీరువా తాళంచెవి తుప్పు పట్టింది. మెస్సులో పులుసులో బెల్లం, సాంబార్లో బెల్లం, కూరలో ఆవ. మా అమ్మ కట్టిచ్చిన చెనిక్కాయ పొడి ఎప్పుడో అయిపోయింది.

ఇంకొకటి అసలుది. హాస్టల్లో అందరూ శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి పిల్లోళ్ళు, బ్యాంకు కోచింగ్‌కి వచ్చినోళ్ళు. మంచోళ్ళే. కానీ శనివారం సాయంత్రం అయిందంటే సంచి సర్దుకొని ఊరికి పోతారు, వాళ్ళకి రెండు మూడు గంటల దావ అంతే. ఆదివారం హాస్టల్లో నేనూ వాచ్‌మన్ పెద్దాయనా. ఆర్కే బీచ్ పోయి కూచొని వస్తా. సబ్‌మెరైన్ చూసినా, విమానం చూసినా, కైలాసగిరి రోప్‌వే ఎక్కినా, చూసేవి అయిపోయినాయి.

మీరు హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారాలు ఏం చేసేవాళ్ళు? డబ్బు పెట్టలేను, ఇంట్లో పంపేది హాస్టల్‌కి, ఆఫీసులో ఇచ్చేది టీలకి సరిపోతాది. నవంబర్ ఆఖరు దాకా ఉంటా. టాప్ టెన్ ప్లేసుల లిస్టులు పెట్టొద్దండి, అవి నాకూ దొరుకుతాయి.


ఔట్‌గేట్_బ్యాచ్:

చెల్లెమ్మా ఒక మాట చెప్పీస్తాను ఏటనుకోకు. చూసేవి అయిపోయాయి అన్నావు చూడు, నువ్వు చూసింది బీచ్ రోడ్డులో రెండు మూడు కిలోమీటర్ల ముక్క. అది మా ఇంటికి చుట్టాలొస్తే మేం తిప్పే సరుకు. కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి అక్కడే ఉంది, ఆంధ్రా యూనివర్సిటీలో (ఏయూ) చదివినన్నాళ్ళూ సాయంత్రం దాని ముందు నుంచే నడిచీవాడిని, లోపలికి మాత్రం మా మేనకోడలు వచ్చి గోల చేస్తేనే వెళ్ళాను.

నాది రాజాం దగ్గర పల్లె. నువ్వు చెప్పిన శనివారం సంచి బ్యాచ్ నేనే. ఎంఎస్సీ ఫస్ట్ సెమ్ మొత్తం శనివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పరిగెత్తడం, సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకి మళ్ళీ దిగడం, మధ్యలో ఊరేటో తెలీదు. అంచేత ఇక్కడోళ్ళకి ఊరు బాగా తెలుసు అని అనుకోకు, నీ హాస్టల్లో ఉన్న పిల్లల్లో సగం మందికి నీకు తెలిసినంత కూడా తెలీదు, అడిగి చూడు. రెండో సెమ్‌లో ల్యాబ్ వల్ల వారం వారం ఊరెళ్ళడం కుదర్లేదు, అప్పుడు మొదలైంది నాకు వైజాగ్.

ఏం చేసీవాడిని అంటే, బస్సు ఎక్కీవాడిని. అంతే. 900కె అని భీమిలి బస్సు. కిటికీ పక్క సీటు, వెళ్ళేటప్పుడు కుడి వైపు కూర్చో. రుషికొండ దాటాక ఊరు పల్చబడిపోతుంది, ఒక పక్క కొండ ఒక పక్క సముద్రం, మంగమారిపేట దగ్గర వలలు బాగుచేసుకుంటూ జాలర్లు కనపడతారు, మధ్యాహ్నం పన్నెండుకి వాళ్ళ పని అయిపోయి పేకాట. ఆ దారిలోనే తొట్లకొండ ఉంది, నేవీ వాళ్ళు సర్వే చేస్తుంటే బయటపడ్డ బౌద్ధ విహారం, రెండు వేల ఏళ్ళ నాటిది, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. పైకి రోడ్డుంది గానీ ఎండలో నడక, పొద్దున్నే వెళ్ళు. ఎర్రమట్టి దిబ్బలకి మాత్రం ఒక్కదానివే వెళ్ళకు, లోపలికి వెళ్తే గట్లు గట్లుగా ఉండి దారి తెలీదు, జనం ఉండరు. నలుగురు దొరికితే తప్పకుండా వెళ్ళు, వేల ఏళ్ళ కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక అది, జియలాజికల్ సర్వే వాళ్ళు వారసత్వ స్థలంగా గుర్తించింది, మనాళ్ళు వెళ్ళి దాంట్లో పెళ్ళి ఫోటోలు తీస్కుంటారు.

భీమిలి దిగి ఏం చెయ్యాలి అంటే ఏం చెయ్యక్కర్లేదు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇప్పటికీ అంత తొందర లేదు దానికి. డచ్చి వాళ్ళ సమాధులున్నాయి, గోస్తనీ సముద్రంలో కలిసే చోటు ఉంది, కాసేపు తిరిగి టీ తాగి మళ్ళీ అదే బస్సు. నువ్వు ఆడపిల్లవి కాబట్టి ఇప్పుడు నీకు రూపాయి ఖర్చు లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తారు. మా టైంలో పాస్ కోసం క్యూలో నిల్చొని చచ్చీవాళ్ళం.

ఒకే బస్సు నాలుగైదు సార్లు ఎక్కితే చాలు, తర్వాత నీకే తెలుస్తుంది ఎక్కడ దిగాలో.


ఆర్‌కార్డ్_మనవడు:

పైన అన్న రాసింది బాగుంది కానీ మళ్ళీ సముద్రమే కదా అన్నా. ఎవరిని అడిగినా వైజాగ్ అంటే బీచ్, రుషికొండ, భీమిలి, అక్కడితో మ్యాప్ అయిపోద్ది. ఎన్‌ఏడీ జంక్షన్ దాటి ఇటు గాజువాక వైపు ఎవరూ చూడరు. గాజువాకలో లక్షల మంది ఉంటున్నారు, మాకు బీచ్ అంటే ఏడాదికి ఒకసారి కార్తీకమాసంలో వెళ్ళేది, మిగతా రోజులు మా సముద్రం నేషనల్ హైవే.

నేను డిప్లొమా మెకానికల్, మాకూ ఆరు నెలలు ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది, నేను ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో చేశాను. లేత్ మీద షాఫ్టులు తిప్పడం, చేతులకి గ్రీజు పోయేది కాదు, మా ఓనర్ గారు కాలేజీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే ముందు షాఫ్టులో కీవే అనే గాడి ఒకటి కోసి చూపించమన్నారు, దానికన్నా పెద్ద వైవా నాకు జీవితంలో జరగలేదు. అక్కడ టైం గడియారం బట్టి ఉండదు, స్టీల్ ప్లాంటు షిఫ్టుల బట్టే, ఏ షిఫ్ట్ దిగాక, బీ షిఫ్ట్ ఎక్కేముందు, సీ షిఫ్ట్ వాళ్ళు టీ తాగేటప్పుడు, ఇలాగే చెప్తారు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో షిఫ్ట్ మారే టైంకి నిలబడి చూడు ఒక్కసారి, బస్సులూ బండ్లూ సైకిళ్ళూ ఒక్కసారి కదిలిపోతాయి, అది కూడా ఈ ఊరే.

మా తాతది ప్లాంటు కోసం భూమి ఇచ్చిన 64 ఊళ్ళలో ఒకటి, ఆ ఊరి పేరు ఇప్పుడు ఎక్కడా బోర్డు మీద లేదు, మా ఇంట్లో శుభలేఖల మీద మాత్రం ఉంటుంది. ఆయన ఆర్ కార్డు (భూమి పోయిన నిర్వాసితులకి ఇచ్చిన కార్డు) మీద ఉద్యోగంలో చేరి అక్కడే రిటైరయ్యారు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఉద్యమం జరిగితే 32 మంది చనిపోయారు, 1971లో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు, ఇవన్నీ మీరు కూడా కాంపిటీటివ్ పరీక్షలకి చదివే ఉంటారు. మీ కదిరి వాళ్ళు కూడా అప్పట్లో ఎక్కడో ధర్నా చేసే ఉంటారు, ఎందుకంటే అది ఒక్క మా జిల్లా గొడవ కాదు, రాష్ట్రం మొత్తం కదిలింది.

ఒకరోజు ఇటు బస్సెక్కి రండి. ఉక్కునగరం వైపు రోడ్లు, చెట్లు చూస్తే వేరే ఊర్లో ఉన్నట్టుంటుంది. ఇటు టిఫిన్ కూడా ద్వారకానగర్ రేట్లలో సగానికి దొరుకుద్ది.


అమీర్‌పేట్_రిటర్న్:

వైజాగ్‌ని పట్టుకొని పెద్ద సిటీ, పట్టుబడట్లేదు అంటే నవ్వొస్తుంది బ్రో. రాత్రి పదింటికి సగం షాపులు మూసేస్తారు. హైదరాబాద్‌లో ఒక సెమిస్టర్ ఉండి చూడు తెలుస్తుంది, మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళేసరికి సెమిస్టరే అయిపోద్ది.


కదిరి_మల్లి:

బ్రో కాదు అక్కని. మా కదిరిలో రాత్రి తొమ్మిదికి కుక్కలు గూడా నిద్రపోతాయి, నాకు ఇదే పెద్ద సిటీ.

ఔట్‌గేట్ అన్నా, బస్సు ఐడియా నచ్చింది, ఈ ఆదివారమే పోతా. ఆర్‌కార్డ్ అన్నా, మీరు రాసింది చదివి మా నాయనకి ఫోన్ చేసి అడిగితే, అప్పుడు వాళ్ళ నాయన కాలేజీలో ఉండాడంట, బస్సు అద్దాలు పగలగొట్టి రెండు రోజులు ఇంటికి రాలేదంట. ఈ ముచ్చట ఇన్నేళ్ళలో మాకెవరికీ చెప్పలే ఆయన.

ఒక డౌట్. ఒక్కదాన్నే తిరిగితే ఇబ్బంది ఉండదా? హాస్టల్లో వార్డెన్ మేడం ప్రతిదానికీ ఎక్కడికి ఎందుకు అంటాది.


డాబాగార్డెన్స్_డైరీ:

నేనూ ఆడపిల్లగా హాస్టల్లో ఉండి సీఏ ఆర్టికల్‌షిప్ చేశాను కాబట్టి నేను చెప్తా, అన్నయ్యలు ఈ సంగతులు చెప్పరు.

పగలు బస్సుల్లో, మెయిన్ రోడ్ల మీద ఒక్కదానివే తిరగడానికి భయం అక్కర్లేదు. నేను అలాగే తిరిగాను. చీకటి పడ్డాక బీచ్‌లో జనం లేని వైపు కూర్చోకు, రాళ్ళ మీదకి దిగకు. ఇంకొకటి, ఇది వార్డెన్ కన్నా గట్టిగా చెప్తున్నా, ఆర్కే బీచ్‌లో మోకాళ్ళ దాకా కూడా దిగొద్దు. మీ వైపు నుంచి వచ్చే పిల్లలకి సముద్రం అలవాటుండదు, అలలు చిన్నగా కనపడతాయి కానీ కాలి కింద ఇసుక లాగేస్తుంది, తీరం దగ్గరే ఒక్కసారిగా లోతు ఉంటుంది. ప్రతి ఏడాదీ చదువుకునే పిల్లలే పోతున్నారు, అదీ ఎక్కువ ఆదివారాలే. యారాడ బీచ్ కూడా అంతే, చూడ్డానికి ఎంత బాగుంటుందో అంత ప్రమాదం.

పొద్దున్నే లేవగలిగితే బీచ్ రోడ్డుకి ఐదున్నరకి వెళ్ళు. ఆ టైంలో బండ్లు రానివ్వరు, రోడ్డంతా నడిచేవాళ్ళే. రిటైరైన పెద్దవాళ్ళు, నేవీ వాళ్ళు, స్కేటింగ్ పిల్లలు, రాగిజావ బండ్లు. సాయంత్రం జనంలో ఒంటరిగా ఉంటుంది కానీ పొద్దున్న పూట అలా అనిపించదు, ఎందుకో నాకు తెలీదు, వారం రోజులు కనపడితే ఎవరో ఒక ఆంటీ నువ్వెవరమ్మాయివి అని అడిగేస్తుంది, అక్కడ నుంచి నీ పెళ్ళి దాకా వెళ్తుంది, అది నువ్వే చూసుకోవాలి.

ద్వారకానగర్‌లో ఉంటున్నావు, పౌర గ్రంథాలయం గురించి ఎవరూ చెప్పలేదా? నీ ఆఫీసు నుంచి నడిచి వెళ్ళొచ్చు. కోచింగ్ పిల్లలతో నిండిపోయి ఉంటుంది, అయినా తెలుగు పత్రికలు తిరగేసుకోవచ్చు, అన్నిటికన్నా ముఖ్యం కింద గాలి, పైన ఫ్యాన్. నా సీఏ ఇంటర్ గ్రూప్ టూ అక్కడే పాసయ్యానని చెప్పొచ్చు.

బట్టల సంగతి. లోపల తాడు కట్టకు, ఎండ ఉన్నా లేకపోయినా గాలి తగిలే టెర్రస్ మీదే ఆరెయ్యి, జీన్స్ మానేసి పల్చటి కాటన్ వేసుకో, ఇక్కడ ఫ్యాషన్ కన్నా ముందు చెమట. చెనిక్కాయ పొడి కోసం ఏడవకు, పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి వేరుశెనగలు, ఎండుమిర్చి కొని హాస్టల్ వంటావిడని బతిమాలితే చేసి ఇస్తుంది. పులుసులో బెల్లం మాత్రం నీ వల్ల మారదు, మా అత్తగారిని కూడా నేను మార్చలేకపోయాను.

అక్టోబర్ వస్తోంది కాబట్టి ఇదొకటి. తుపాను అన్నారంటే నవ్వుకోకుండా ఫోన్ చార్జింగ్ పెట్టుకొని, నీళ్ళు పట్టుకొని, నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఈ ఊళ్ళోనే ఉన్నాను. పొద్దున్న మొదలైన గాలి, మధ్యాహ్నం కాసేపు ఆగిపోయింది, అయిపోయిందని జనం బయటికి వచ్చారు, అది తుపాను కన్ను, మళ్ళీ ఇంకోవైపు నుంచి మొదలైంది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్ కోసం క్యూలు. ఏయూలో, కైలాసగిరి మీద చెట్టన్నది మిగల్లేదు. ఇప్పుడు నువ్వు చూస్తున్న పచ్చదనంలో చాలావరకు ఆ తర్వాత లేచిందే.

నువ్వు జులైలో దిగానన్నావు కదా, ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ చూశావా? సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, అడవివరం, హనుమంతవాక, ఎంవీపీ, సీతమ్మధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, ఊరి మధ్యలోంచే రాత్రంతా జనం నడుస్తారు, దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, కాళ్ళకి బామ్. వైజాగ్ ఎలా ఉంటుందో మ్యాప్ మీద కాకుండా కాళ్ళతో తెలియాలంటే అదే.


కదిరి_మల్లి:

అక్కా శానా థ్యాంక్స్. ప్రదక్షిణ చూసినా, దిగిన వారంలోనే, రోడ్డు నిండా జనం నడుస్తాంటే ఏదన్నా ధర్నా ఏమో అనుకొని మళ్ళా హాస్టల్‌లోకి వచ్చేసినా.


మురీమిక్చర్_ఫ్యాన్:

ఇంత పెద్ద పెద్ద పోస్టులు రాసారు, ఒక్కరూ మురీ మిక్చర్ గురించి చెప్పలేదు, సిగ్గుండాలి. బీచ్ ఎదురుగా కాకుండా లోపల సందుల్లో బండి చూసుకో గుంటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ, కొంచెం ఆవనూనె ఘాటు. నీది ఉగ్గాని ఊరు కాబట్టి నచ్చుద్ది, రెండూ బొరుగులే. టమాటా బజ్జీలో కూడా కూరించి పెడతారు, అది రెండో వారం తిను, ముందే తినీసావంటే అలవాటైపోద్ది.


కదిరి_మల్లి:

నవంబర్ మూడో వారం. అడిగినోళ్ళు ఉండారు కాబట్టి ఏం జరిగిందో రాస్తాండా, కొంచెం పెద్దదే.

భీమిలి బస్సు ఎక్కినా, బాగుండాది, రెండోసారి గూడా పోయినా, మంగమారిపేటలో దిగి కాసేపు నిలబడినా, ఒక జాలరి ముసలమ్మ నెత్తళ్ళు ఆరబెట్టుకుంటా ఏ ఊరని అడిగింది, కదిరి అంటే అది ఎక్కడ అనింది, అనంతపురం పక్క అంటే సత్యసాయిబాబా ఊరా అనింది, ఔ అన్నా. అంతే మాటలు. నెత్తళ్ళు కొంటే హాస్టల్ నుంచి గెంటేస్తారని కొనలే.

కానీ నిజం చెప్పాలంటే ఊరు పట్టుబడింది ఆదివారాల వల్ల కాదు. మా ఆఫీసులో బయటి పనులు చూసే అన్న ఒకాయన బండి మీద నుంచి పడి చెయ్యి విరిగింది. వన్‌టౌన్ అనే పాత ఊర్లో షావుకార్ల దగ్గర బిల్లులు తెచ్చేదానికి ఎవరూ లేరు. కంప్యూటర్లో పంపమంటే ఆ షావుకార్లు పంపరు, అట్టపెట్టెలో వేసి పెడతారు, మనం పోయి తెచ్చుకోవాల. సార్ నన్ను పంపినాడు. మొదట భయపడినా, కురుపాం మార్కెట్ సందుల్లో గూగుల్ మ్యాప్ గూడా తికమక పడతాది, ఒక బండి వస్తే ఇంకొకటి గోడకి ఆనుకోవాల. ఒక పప్పుల షాపాయన ఏడాది నుంచి ఒకే జీఎస్టీ నంబరు తప్పు కొడతాండాడు బిల్లు మీద, చెప్తే, ఆ అంకె ఏదైతే ఏంటమ్మా డబ్బులు కట్టేస్తున్నాం కదా అంటాడు. ఇంకొకాయన లెక్కల పుస్తకం మూసి ముందు టీ తాగు అంటాడు, టీ తాగేలోపు వాళ్ళ నాయన కాలంలో ఓడలొస్తే సరుకు ఎట్ల దిగేది, పోర్టు 1933లో తెరిచినాక వన్‌టౌన్‌లో ఏ వీధికి ఏ వ్యాపారం వచ్చింది, అన్నీ చెప్తాడు. బిల్లులు మాత్రం రేపు రమ్మంటాడు.

అట్ల వారంలో మూడు నాలుగు రోజులు వన్‌టౌన్ పోతానే ఉన్నా. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దారిలోనే. మా దగ్గర గుడి అంటే అయ్యవారు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు కదా, ఇక్కడ అమ్మవారికి పైన కప్పే లేదు, ఎండా వానా ఆమె మీదే, ఎవరంటే వాళ్ళు పోయి సొంత చేత్తో పసుపు కుంకుమ పెట్టొచ్చు. నేనూ పెట్టినా. మార్గశిరం గురువారాలు అసలు చూడాలంట, ఆ జనం చూస్తే తెలుస్తాదంట.

ఒకరోజు మూడు కొండలెక్కినా, అదే పోర్టు పక్కన గుడి, చర్చి, దర్గా వరసగా ఉండే కొండలు. అక్కడి నుంచి చూస్తే ఓడ లోపలికి వచ్చే దారీ, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండా కనిపించినాయి, దాని వెనకాల యారాడ ఉంటాదంట. సబ్‌మెరైన్ లోపల తిరిగినప్పుడు గూడా నాకు ఇది పోర్టు ఊరు అనిపించలే, ఆ పూట అనిపించింది. చేతిలో బిల్లుల సంచి ఉండె, కింద పడేసుకుంటానేమో అని దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకొని చూసినా.

ఇప్పుడు ఎవరన్నా వన్‌టౌన్ అడ్రస్ అడిగితే నేనే చెప్తాండా. హాస్టల్లో బొబ్బిలి పిల్లోళ్ళు ఇద్దరిని గూడా ఆదివారం ఊరికి పోకుండా ఆపి తీసుకపోయినా, వాళ్ళు పుట్టినప్పటి నుంచి వైజాగ్‌కి వస్తా పోతా ఉన్నారు గానీ కురుపాం మార్కెట్ తెలియదంట. ఔట్‌గేట్ అన్న చెప్పింది నిజమే.

అమీర్‌పేట్ బ్రోకి: ఊరు పెద్దదా చిన్నదా అని కొలిచేదానికి నేను రాలే, రిటర్న్‌లు వేసేదానికి వచ్చినా.

గాజువాక పోలేకపోయినా. ఆర్‌కార్డ్ అన్నా, కోపం వద్దు. 20వ తారీకు అడ్డం పడింది, తర్వాత ప్రాజెక్టు రిపోర్టు.


ఆర్‌కార్డ్_మనవడు:

కోపమేం లేదు గానీ చూశావా, మళ్ళీ ఇటు రాకుండానే వెళ్ళిపోతున్నారు ఒకరు. జాబ్ ఇటు వెతుక్కో, ఆటోనగర్‌లో ప్రతి వర్క్‌షాప్‌కీ జీఎస్టీ నోటీసు వచ్చి ఉంది, నీకు జీవితాంతం పని.


డాబాగార్డెన్స్_డైరీ:

మల్లీ, ఆ తప్పు జీఎస్టీ నంబరు వేస్తున్న షావుకారుకి నవ్వుతూ చెప్తే వినడు, కొన్నవాళ్ళకి క్రెడిట్ ఆగిపోతుంది అని చెప్పు, వాళ్ళు ఫోన్ చేసి తిడితే అప్పుడు మారుస్తాడు. నా దగ్గరా ఒకాయన ఉండేవాడు అలాంటోడు. రిపోర్టులో కేస్ స్టడీ కింద ఇదే రాసెయ్, పేరు పెట్టకుండా. మీ కాలేజీ వాళ్ళకి సిమెంటు షాపు ఉదాహరణ కన్నా ఇదే బాగుంటుంది.


కదిరి_మల్లి:

రాసేసినా అక్కా, పదో పేజీలో ఉండాడు ఆయన.

ఇంకో సంగతి, నెలాఖరుకి ఖాళీ చేస్తాండా. ఒక పరుపు, రెండు బకెట్లు, ప్లాస్టిక్ స్టూలు, ఇండక్షన్ స్టవ్ (హాస్టల్లో నిషేధం, నేను వాడలేదు) ఉండాయి. ద్వారకానగర్ చుట్టుపక్కల కొత్తగా దిగే పిల్లోళ్ళు ఎవరన్నా ఉంటే మెసేజ్ పెట్టండి. డబ్బులు వద్దు, వచ్చి మోసుకపోవాల అంతే.


మురీమిక్చర్_ఫ్యాన్:

ఇండక్షన్ స్టవ్ నాకు. వాడలేదు కాబట్టి కొత్తదే కదా.